డిఫాల్ట్ ప్రింటర్ మార్చినా పేజీ పక్క గదిలోనే వస్తోందా..? లైనక్స్‌లో అసలు తిరకాసు ఇక్కడే..!

ప్రింట్ బటన్ నొక్కారు. స్క్రీన్ మీద ఏ ఎర్రరూ లేదు. టేబుల్ మీదున్న ప్రింటర్‌లో మాత్రం చప్పుడు లేదు. మళ్లీ నొక్కారు.. మళ్లీ అంతే. కాసేపటికి మేడ మీది గది నుంచి ఎవరో నాలుగు కాగితాలు పట్టుకుని దిగొచ్చి, "ఇవి మీవేనా?" అని అడుగుతారు. లైనక్స్ కంప్యూటర్లు వాడే ఆఫీసుల్లో, కాలేజీల్లో, నెట్ సెంటర్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిఫాల్ట్ ప్రింటర్ మార్చేస్తారు. టెస్ట్ పేజీ కూడా చక్కగా వస్తుంది. అసలు డాక్యుమెంట్ మాత్రం మళ్లీ మేడ మీదికే పోతుంది!

ఉదాహరణకు ఓ జూనియర్ కాలేజీ ఆఫీసునే తీసుకోండి. క్లర్క్ టేబుల్ మీద ఉబుంటు ఉన్న కంప్యూటర్, పక్కనే యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన లేజర్ ప్రింటర్. స్టాఫ్ రూమ్‌లో అందరూ వాడుకునే వైఫై ప్రింటర్ ఇంకొకటి. క్లర్క్ పంపేది మామూలు నోటీసైతే పర్వాలేదు. అదే రేపటి పరీక్ష ప్రశ్నపత్రమైతే? ఓ లెక్చరర్ జీతం స్లిప్పైతే? కిటికీ దగ్గర టీసీ కోసం నిలబడ్డ విద్యార్థికి పది నిమిషాలు ఆలస్యం కావడం ఒక ఎత్తు, ప్రశ్నపత్రం స్టాఫ్ రూమ్ ట్రేలో పడి ఉండటం ఇంకో ఎత్తు. అందుకే దీన్ని 'కంప్యూటర్ మొరాయించింది' అని వదిలేయకుండా, పేజీ ఆ దారి ఎందుకు పట్టిందో తెలుసుకోవడం మంచిది.

'డిఫాల్ట్' అనేది ఒక్కటి కాదు

లైనక్స్‌లో ప్రింటింగ్ పనంతా చూసేది కప్స్ అనే వ్యవస్థ. మైఖేల్ స్వీట్ అనే ప్రోగ్రామర్ 1997లో దీన్ని రాయడం మొదలుపెట్టారు, 1999లో మొదటి వెర్షన్ బయటికొచ్చింది. తర్వాత యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలోనూ దీన్నే పెట్టుకుంది. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్.. పేరేదైనా వెనక పని చేసేది దాదాపు ఇదే.

చాలామంది అనుకునేది ఏంటంటే, డిఫాల్ట్ ప్రింటర్ అంటే కంప్యూటర్ మొత్తానికి ఒకే ఒక సెట్టింగ్ అని. నిజానికి అలా లేదు. మొదటిది, కంప్యూటర్ మొత్తానికీ వర్తించే డిఫాల్ట్. దీన్ని కప్స్ సర్వర్ దగ్గర పెట్టుకుంటుంది. రెండోది, లాగిన్ అయిన ఒక్కో యూజర్‌కు ఉండే సొంత డిఫాల్ట్. ఇది ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో, కంటికి కనిపించకుండా దాగి ఉన్న కప్స్ అనే ఫోల్డర్‌లో, ఎల్‌పీ ఆప్షన్స్ అనే చిన్న ఫైల్లో ఉంటుంది. మూడోది, ప్రోగ్రామ్ జ్ఞాపకం. బ్రౌజర్ లాంటివి కిందటిసారి ఏ ప్రింటర్ వాడారో గుర్తుపెట్టుకుని ఈసారీ దాన్నే ముందు చూపిస్తాయి. ఇక నాలుగోది చాలామందికి తెలియనే తెలియదు. డాక్యుమెంట్ ఫైలే తనలో ప్రింటర్ పేరు దాచుకుని ఉండొచ్చు.

ఈ నాలుగూ ఒకే మాట మీద ఉంటే ఏ గొడవా లేదు. ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెమన్నప్పుడే చిక్కు. అప్పుడు పైవాటి మాట కన్నా కిందివాటి మాటే చెల్లుతుంది. యూజర్ డిఫాల్ట్ ఉంటే కంప్యూటర్ డిఫాల్ట్‌ను కప్స్ పక్కన పెట్టేస్తుంది. ప్రోగ్రామ్ తానే ఒక ప్రింటర్ పేరు చెప్పి పేజీ పంపితే, ఇక యూజర్ డిఫాల్ట్‌తో కూడా పని లేదు. సెట్టింగ్స్‌లో ఎంత మార్చినా ఫలితం కనిపించకపోవడానికి కారణం ఇదే. మార్చింది ఒకచోట, చెల్లుబాటయ్యేది మరోచోట.

ముందు ఈ చిన్న పరీక్ష చేయండి

సెట్టింగ్స్ జోలికి వెళ్లకముందే తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చు. ఐదు నిమిషాల పని. ఒకే పేజీని రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌ల నుంచి, ప్రింటర్ పేరు మార్చకుండా, డైలాగ్‌లో ఏది కనిపిస్తే దానికే పంపండి. బ్రౌజర్ నుంచి ఒకటి, టెక్స్ట్ ఎడిటర్ నుంచి ఒకటి. బ్రౌజర్‌ది ఒక్కటే తప్పు దారి పట్టిందంటే అది బ్రౌజర్ జ్ఞాపకం. అన్నీ తప్పు చోటికే పోతుంటే యూజర్ డిఫాల్ట్ గానీ, కంప్యూటర్ డిఫాల్ట్ గానీ తేడాగా ఉంది. అదే కంప్యూటర్‌లో ఇంకో యూజర్‌గా లాగిన్ అయితే సరిగ్గా వస్తోందా..? అయితే తప్పు మొదటి యూజర్ సొంత సెట్టింగ్‌లోనే. ఫలానా ఒక్క ఫైల్ తెరిచినప్పుడే మొండికేస్తోందా..? అనుమానం ఆ ఫైల్ మీదే పెట్టుకోవాలి.

ఇక్కడొక జాగ్రత్త. సెట్టింగ్స్‌లో ఉండే 'ప్రింట్ టెస్ట్ పేజ్' బటన్‌ను నమ్ముకోవద్దు. ఆ పేజీ డిఫాల్ట్ ప్రింటర్‌కు వెళ్లదు.. ఏ ప్రింటర్ పేరు మీద బటన్ నొక్కారో దానికే నేరుగా వెళ్తుంది. టెస్ట్ పేజీ వచ్చిందంటే కేబుల్, డ్రైవర్, టోనర్ బాగున్నాయని అర్థం. అంతవరకే. డిఫాల్ట్ సంగతి అది చెప్పదు. 'టెస్ట్ పేజీ వస్తోంది, అసలు పేజీ రావట్లేదు' అని తల పట్టుకునేవాళ్లలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

కప్స్‌నే అడిగేయొచ్చు

డైలాగ్ బాక్సులు చూపించేది ఒక్కోసారి తికమకగా ఉంటుంది. నేరుగా కప్స్‌ను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది. అందుకు టెర్మినల్ తెరవాలి. భయపడాల్సిందేమీ లేదు, ఈ కమాండ్లు దేన్నీ మార్చవు, చదివి చెబుతాయంతే. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి.

మొదటిది ఎల్‌పీస్టాట్. ఎల్, పీ, ఎస్, టీ, ఏ, టీ.. ఈ ఆరు అక్షరాలూ కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి, దానికి ఆనించి డీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. 'సిస్టమ్ డిఫాల్ట్ డెస్టినేషన్' అని చెప్పి ప్రింటర్ పేరు చూపిస్తుంది. మాట 'సిస్టమ్' అనే ఉన్నా, యూజర్‌కు సొంత డిఫాల్ట్ ఉంటే దాని పేరే ఇక్కడ కనిపిస్తుంది. అందుకే లాగిన్ మారిస్తే జవాబు మారొచ్చు. 'నో సిస్టమ్ డిఫాల్ట్ డెస్టినేషన్' అని వస్తే అసలు ఎవరూ డిఫాల్ట్ పెట్టలేదన్నమాట. అలాంటప్పుడు ఒక్కో ప్రోగ్రామ్ తనకు తోచిన ప్రింటర్‌ను ఎంచుకుంటుంది.

ఇదే కమాండ్‌లో డీ బదులు వీ పెడితే ఒక్కో ప్రింటర్ పేరు వెనక అసలు ఏ మెషిన్ ఉందో తెలుస్తుంది. యూఎస్‌బీ అని మొదలైతే కేబుల్‌తో ఉన్నది. ఐపీపీ అనో, డీఎన్ఎస్ ఎస్‌డీ అనో మొదలైతే నెట్‌వర్క్‌లో ఉన్నది. పీ పెడితే ఏ ప్రింటర్ పనిలో ఉంది, ఏది ఆగిపోయి ఉంది అన్న లెక్క వస్తుంది. ఈ మూడు జవాబులూ ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

అరుదుగా ఇంకో విచిత్రం కూడా ఎదురవుతుంది. 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నేమ్స్ నాన్ ఎగ్జిస్టెంట్ డెస్టినేషన్' అనే ఎర్రర్. ఎప్పుడో ఎవరో ఆ యూజర్ లాగిన్ ఫైల్లో ప్రింటర్ అనే పేరుతోనో, ఎల్‌పీ డెస్ట్ అనే పేరుతోనో ఒక లైన్ రాసిపెట్టారు. ఆ మెషిన్ ఇప్పుడు లేదు. ఆ లైన్ మాత్రం అలాగే ఉంది. ఆ లైన్ మాట యూజర్ డిఫాల్ట్ కన్నా ముందే చెల్లుతుంది కాబట్టి దాన్ని తీసేస్తే తప్ప మిగతా ప్రయత్నాలన్నీ వృథా.

మార్చడం ఎలా..?

ఉబుంటు, ఫెడోరా లాంటి వాటిలో సెట్టింగ్స్ తెరిచి ప్రింటర్స్‌లోకి వెళ్లాలి. పైన 'అన్‌లాక్' బటన్ కనిపిస్తే ముందు దాన్ని నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వాలి, లేకపోతే ఆప్షన్లు మసకగానే ఉంటాయి. కావాల్సిన ప్రింటర్ పక్కన మూడు చుక్కలు నొక్కితే 'యూజ్ ప్రింటర్ బై డిఫాల్ట్' అని ఉంటుంది. దానికి టిక్ పెట్టాలి.

మింట్ వాడేవాళ్లకు కనిపించే ప్రింటర్స్ విండో వేరు. అందులో ప్రింటర్ మీద రైట్ క్లిక్ చేసి డిఫాల్ట్‌గా పెట్టమంటే ఒక ప్రశ్న అడుగుతుంది.. కంప్యూటర్‌లోని అందరికీ డిఫాల్ట్‌గా పెట్టాలా, మీ ఒక్కరికేనా అని. అందరికీ అని ఎంచుకున్నప్పుడు కింద ఇంకో చిన్న టిక్ బాక్స్ ఉంటుంది. 'మీ సొంత డిఫాల్ట్ సెట్టింగ్‌ను చెరిపేయాలా' అని దాని అర్థం. తొందరలో ఎవరూ దాన్ని చదవరు. పాత సొంత డిఫాల్ట్ చెరగకపోతే ఆ ఒక్క యూజర్‌కు పాత ప్రింటరే వస్తూ ఉంటుంది. నిజానికి ఈ చిక్కునంతా ఇంత సూటిగా స్క్రీన్ మీద పెట్టి అడిగే విండో ఇదొక్కటే అనొచ్చు.

టెర్మినల్‌లో చేయాలనుకుంటే రెండు కమాండ్లున్నాయి. ఎల్‌పీ ఆప్షన్స్, ఖాళీ, హైఫన్ డీ, ఖాళీ, ప్రింటర్ పేరు.. ఇది యూజర్ సొంత డిఫాల్ట్‌ను మారుస్తుంది. ఎల్‌పీ అడ్మిన్, ఖాళీ, హైఫన్ డీ, ఖాళీ, ప్రింటర్ పేరు.. ఇది కంప్యూటర్ మొత్తానికీ మారుస్తుంది. రెండు కమాండ్ల పేర్లలోనూ అక్షరాల మధ్య ఖాళీ ఉండకూడదు. ప్రింటర్ పేరు మాత్రం ఎల్‌పీస్టాట్ చూపించినట్టే, పెద్ద అక్షరాలు, అండర్‌స్కోర్‌లతో సహా, అచ్చం అలాగే కొట్టాలి.

ఇక్కడ ఒక గోతి ఉంది. ఇంటర్నెట్‌లో ఏ సలహా చదివినా కమాండ్ ముందు 'సుడో' తగిలించడం చాలామందికి అలవాటైపోయింది. ఎల్‌పీ ఆప్షన్స్ ముందు సుడో పెడితే మార్పు మీ ఫైల్లోకి వెళ్లదు. అందరికీ వర్తించే ఇంకో ఎల్‌పీ ఆప్షన్స్ ఫైల్లోకి వెళ్తుంది. మీ సొంత ఫైల్లో పాత పేరు ఉంటే అది అలాగే ఉండి, మీకు పాత ప్రింటరే డిఫాల్ట్ అవుతుంది. పక్క సీటులో కూర్చునే మనిషి లాగిన్ అయితే మాత్రం ఆయనకు డిఫాల్ట్ మారిపోయి ఉంటుంది! మీ సమస్య తీరకపోగా ఆయనకు కొత్త సమస్య.

ఏదీ కుదరకపోతే మొండి మార్గం ఒకటుంది. హోమ్ ఫోల్డర్ తెరిచి కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగి ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి. చుక్కతో మొదలయ్యే కప్స్ ఫోల్డర్‌లో ఎల్‌పీ ఆప్షన్స్ ఫైల్ పేరు మార్చేయండి. డిలీట్ చేయడం కన్నా పేరు మార్చడం మేలు, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ ఫైల్ లేకపోతే కప్స్ కంప్యూటర్ డిఫాల్ట్‌నే పాటిస్తుంది. అయితే ఆ యూజర్ సేవ్ చేసుకున్న రెండు వైపులా ప్రింట్, పేపర్ సైజ్ లాంటివీ దాంతోపాటే పోతాయి.

ఒకే మెషిన్.. రెండు పేర్లు

ఇప్పుడు ఎక్కువమందికి ఎదురయ్యే కేసు. నిన్నటి దాకా బాగానే వచ్చింది. చెడిపోయిన ప్రింటర్ స్థానంలో అదే మోడల్ ఇంకోటి తెచ్చారు. ఈ రోజు ప్రింట్ ఇస్తే 'వెయిటింగ్ ఫర్ ప్రింటర్ టు బికమ్ అవైలబుల్' అని ఉండిపోతుంది. ప్రింటర్ ఎదురుగానే ఉంది, లైట్ వెలుగుతోంది.. మరి దేనికోసం ఎదురుచూస్తోంది?

కప్స్ యూఎస్‌బీ ప్రింటర్‌ను మోడల్ పేరుతోపాటు సీరియల్ నంబర్‌తో గుర్తుపెట్టుకుంటుంది. అదే మోడల్ అయినా సీరియల్ నంబర్ వేరైతే దాని లెక్కలో అది వేరే మెషిన్. అందుకే చివర 2 అంకె తగిలించిన కొత్త పేరొకటి లిస్టులో చేరుతుంది. డిఫాల్ట్ మాత్రం పాత పేరు మీదే ఉంటుంది. ఊళ్లో లేని మనిషికి ఉత్తరం వేసినట్టు, పేజీలన్నీ ఆ పాత పేరు కింద పోగవుతుంటాయి. ఎల్‌పీస్టాట్‌లో వీ పెట్టి చూస్తే రెండు పేర్ల సంగతి ఇట్టే బయటపడుతుంది. కొత్తదాన్ని డిఫాల్ట్ చేసి, పాత పేరును తీసేయాలి. ఊరికే వదిలేస్తే ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు దాన్ని ఎంచుకోక మానరు.

కానీ పాత పేరు తీసేసే ముందు దాని కింద ఆగిపోయిన పేజీల సంగతి చూడాలి. బ్రౌజర్ అడ్రస్ బార్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టి, కోలన్ పెట్టి, 631 అని టైప్ చేస్తే కప్స్ సొంత పేజీ తెరుచుకుంటుంది. ఇది ఇంటర్నెట్ సైట్ కాదు, ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. అందులో ప్రింటర్ పేరు నొక్కి, మెయింటెనెన్స్ మెనూలో 'మూవ్ ఆల్ జాబ్స్' ఎంచుకుంటే ఆగినవన్నీ సరైన ప్రింటర్‌కు బదిలీ అవుతాయి. టీసీ కోసం కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లకు మళ్లీ మొదటి నుంచి టైప్ చేసి ఇవ్వాల్సిన పని ఉండదు. అడ్మినిస్ట్రేషన్ మెనూలో 'సెట్ యాజ్ సర్వర్ డిఫాల్ట్' కూడా ఇక్కడే ఉంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఉబుంటులో అయితే ఎల్‌పీ అడ్మిన్ అనే గ్రూపులో ఉన్న యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు.

లిబ్రేఆఫీస్ ఫైల్ కడుపులో ప్రింటర్ పేరు

కాలేజీ ఉదాహరణకే మళ్లీ వద్దాం. ప్రశ్నపత్రం ఫైల్‌ను నిరుడు స్టాఫ్ రూమ్‌లో ఇంకో లెక్చరర్ తయారు చేశారు. ఈ ఏడాది క్లర్క్ అదే ఫైల్ తెరిచి, తేదీ, ప్రశ్నలు మార్చి ప్రింట్ ఇచ్చారు. కంప్యూటర్ డిఫాల్ట్ సరిగ్గానే ఉంది, క్లర్క్ సొంత డిఫాల్ట్ కూడా సరిగ్గానే ఉంది. అయినా పేజీ స్టాఫ్ రూమ్‌లోనే వచ్చింది. కారణం, లిబ్రేఆఫీస్ ఫైల్ సేవ్ చేసేటప్పుడు అప్పటి ప్రింటర్ సెట్టింగ్స్‌ను కూడా ఫైల్లోనే దాస్తుంది. తిరిగి తెరిచినప్పుడు ఆ పేరుతో ప్రింటర్ అందుబాటులో ఉంటే దాన్నే ముందుకు తెస్తుంది.

దీన్ని ఆపడానికి టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో లోడ్ సేవ్, దాని కింద జనరల్‌లోకి వెళ్లాలి. 'లోడ్ ప్రింటర్ సెట్టింగ్స్ విత్ ది డాక్యుమెంట్' అనే చోట టిక్ తీసేస్తే ఎవరి ఫైల్ తెరిచినా మీ డిఫాల్ట్ ప్రింటరే వస్తుంది. ఈ ఆప్షన్ ఉంచితే డాక్యుమెంట్ ఎక్కడో దూరాన ఉన్న ప్రింటర్‌లో అచ్చయ్యే ప్రమాదం ఉందని లిబ్రేఆఫీస్ సహాయ పేజీల్లోనే హెచ్చరిక ఉంది. ఎందరో ఒకరి ఫైళ్లు మరొకరు వాడుకునే ఆఫీసుల్లో ప్రతి కంప్యూటర్‌లోనూ ఈ టిక్ తీసేయడమే నయం. కంట్రోల్, పీ కలిపి నొక్కితే డైలాగ్‌లో పేరు ఒకసారి కంటపడుతుంది.

బ్రౌజర్ల కథ చిన్నదే. క్రోమ్‌లో గానీ, ఫైర్‌ఫాక్స్‌లో గానీ కిందటిసారి 'సేవ్ టు పీడీఎఫ్' ఎంచుకుని ఉంటే ఈసారీ అదే ముందుంటుంది. హాల్ టికెట్ ప్రింట్ చేయబోతే ఫైల్ ఎక్కడ సేవ్ చేయాలని అడుగుతుంది. 'ప్రింటర్ పోయింది' అని కంగారు పడేవాళ్లున్నారు. ఏమీ పోలేదు. డెస్టినేషన్ దగ్గర పేరు మార్చి ఒక్క పేజీ ప్రింట్ చేస్తే, తర్వాత నుంచి అదే గుర్తుంటుంది.

ప్రింటర్ సరైనదే.. పేపరే తేడా

ఒక్కోసారి పేజీ సరైన ప్రింటర్‌కే వెళ్తుంది. కానీ అది కాగితం లాగకుండా, నారింజ లైట్ వెలిగించుకుని కూర్చుంటుంది. మన దేశంలో వాడేది ఏ4 కాగితం.. 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అమెరికాలో వాడే లెటర్ సైజ్ అయితే 215.9 మిల్లీమీటర్ల వెడల్పు, 279.4 మిల్లీమీటర్ల పొడవు. లైనక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భాష 'ఇంగ్లిష్, యునైటెడ్ స్టేట్స్' అని వదిలేస్తే డిఫాల్ట్ కాగితం లెటర్ అయ్యే అవకాశం ఎక్కువ. ట్రేలో ఏ4 ఉంది, కంప్యూటర్ లెటర్ అడుగుతోంది. కొన్ని మెషిన్లు సర్దుకుపోయి ప్రింట్ చేసేస్తాయి, అప్పుడు మార్జిన్లు దెబ్బతిని పక్కనో, అడుగునో లైన్లు తెగిపోతాయి. కొన్ని మాత్రం ఆ కాగితం పెట్టేదాకా కదలవు. పాత హెచ్‌పీ లేజర్‌జెట్‌లలో వచ్చే 'పీసీ లోడ్ లెటర్' అనే సందేశం ఇదే. అందులో పీసీ అంటే కంప్యూటర్ కాదు, పేపర్ క్యాసెట్! అదేంటో అర్థం కాక జనం ఎంత విసిగిపోయారంటే, 1999లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఆఫీస్ స్పేస్'లో ఏకంగా ఒక సీనే పెట్టారు.

ప్రింటర్స్ సెట్టింగ్స్‌లో ఆ ప్రింటర్ ఆప్షన్స్ తెరిచి పేజ్ సైజ్‌ను ఏ4గా మార్చాలి. లిబ్రేఆఫీస్‌లో డాక్యుమెంట్ పేజ్ స్టైల్ కూడా ఏ4 ఉందో లేదో చూడాలి. రెండింట్లో ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే మళ్లీ మొదటికే. రెండు వైపులా ప్రింట్, కలర్ లాంటివీ ఇక్కడే ఉంటాయి. అనవసరంగా రంగు సిరా అయిపోతోందంటే ఆ ప్రింటర్ డిఫాల్ట్ కలర్‌లో ఉందేమో చూసుకోండి.

డిఫాల్ట్ తప్పు కానివి కూడా ఉన్నాయి. మన ఊళ్లలో జిరాక్స్ షాపుల్లో బాగా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020నే చూడండి. స్విచ్ తీసిన ప్రతిసారీ తన ఫర్మ్‌వేర్‌ను మర్చిపోతుంది. ఆన్ చేయగానే కంప్యూటర్ దాన్ని మళ్లీ పంపాలి. లైనక్స్‌లో హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తోపాటు దాని ప్లగిన్ కూడా ఉంటే ఆ పని జరుగుతుంది. కెనాన్ ఎల్‌బీపీ 2900 కూడా అంతే, దాని భాషే వేరు కాబట్టి ప్రత్యేక డ్రైవర్ కావాలి. వీటిలో పేజీ రాకపోతే డిఫాల్ట్ సెట్టింగ్ ఎంత మార్చినా లాభం లేదు. టెస్ట్ పేజీ వస్తుందా రాదా అన్నది పనికొచ్చేది ఇలాంటి చోటే.

ఆగిన పేజీలు.. అసలు ప్రమాదం అదే

పేజీ రాలేదు కదా అని చాలామంది ఇంకో కంప్యూటర్ నుంచి ప్రింట్ తీసుకుని వెళ్లిపోతారు. కానీ మొదట పంపినవి ఎక్కడికీ పోలేదు. ఆ ప్రింటర్ క్యూలోనే ఉన్నాయి. కాగితం ఇరుక్కోవడమో, కేబుల్ ఊడటమో జరిగితే కప్స్ ఆ ప్రింటర్‌ను 'ఆగిపోయింది' అని గుర్తు పెట్టి, పేజీలను పక్కన పెట్టుకుని కూర్చోవచ్చు. ప్రింటర్ బాగుచేసినా ఆ గుర్తు దానంతటదే పోకపోవచ్చు. మూడు రోజుల తర్వాత ఎవరో 'రెజ్యూమ్ ప్రింటర్' నొక్కుతారు.. సోమవారం పంపిన ప్రశ్నపత్రం గురువారం అందరి ముందూ బయటికొస్తుంది. అదీ ఐదు సార్లు నొక్కి ఉంటే ఐదు కాపీలు!

అందుకే పేజీ రాలేదంటే మళ్లీ మళ్లీ ప్రింట్ నొక్కడం కన్నా ముందు క్యూ చూడటం మేలు. ఎల్‌పీస్టాట్‌లో హైఫన్ ఓ పెడితే ఆగిన జాబ్‌ల లిస్టు వస్తుంది. అక్కర్లేనివి 631 పేజీలోనే రద్దు చేయొచ్చు. ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. మామూలు సెట్టింగ్స్‌లో కప్స్ ప్రింట్ అయిపోయిన డాక్యుమెంట్‌ను కూడా ఒక రోజు పాటు తన దగ్గర ఉంచుకుంటుంది. పాస్‌వర్డ్ తెలిసిన అడ్మిన్ ఎవరైనా 'రీప్రింట్ జాబ్' నొక్కి దాన్ని మళ్లీ తీయొచ్చు. జీతాలు, మార్కులు, ఆధార్ కాపీలు ప్రింట్ చేసే చోట ఇది చిన్న విషయం కాదు. కప్స్ సెట్టింగ్స్ ఫైల్లో 'ప్రిజర్వ్ జాబ్ ఫైల్స్' అనే చోట 'నో' అని రాసి, సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే ప్రింట్ అవగానే ఫైల్ చెరిగిపోతుంది.

లిస్టులో మీకు తెలియని ప్రింటర్ ఉందా..?

నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్లను లైనక్స్ దానంతటదే వెతికి లిస్టులో చేర్చేస్తుంది. ఈ పని చేసే వాటిలో ఒకటి కప్స్ బ్రౌజ్డ్ అనే సర్వీస్. సౌకర్యంగానే ఉంటుంది కానీ, పక్క ఆఫీసు మెషిన్ పేరు కూడా మీ డైలాగ్‌లో కనిపిస్తుంటుంది. 2024 సెప్టెంబర్‌లో ఇదే సర్వీస్‌లో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. సిమోన్ మార్గరిటెల్లి అనే సెక్యూరిటీ పరిశోధకుడు వాటిని బయటపెట్టారు. దుండగులు దూరం నుంచే ఓ నకిలీ ప్రింటర్‌ను మీ లిస్టులో చేర్చగలరు. తెలియక మీరు దానికి ప్రింట్ ఇస్తే, వాళ్లు పంపిన కమాండ్ మీ కంప్యూటర్‌లో నడుస్తుంది. ఆ తర్వాత లైనక్స్ సంస్థలు అప్‌డేట్లు ఇచ్చాయి. అప్పటి నుంచి అప్‌డేట్ చేయని కంప్యూటర్లు మాత్రం ఇప్పటికీ అలాగే ఉంటాయి. యూఎస్‌బీ ప్రింటర్ ఒక్కటే వాడేచోట ఆ సర్వీస్‌ను ఆపేసినా నష్టమేమీ లేదు. లిస్టు పొట్టిగా ఉంటే తప్పు ప్రింటర్‌ను ఎంచుకునే అవకాశమూ తగ్గుతుంది.

ఇక తెలుగు డాక్యుమెంట్లు ప్రింట్ చేసేవాళ్లకు ఒక మాట. తెలుగు టెక్స్ట్ ఫైల్‌ను టెర్మినల్ నుంచి నేరుగా ప్రింటర్‌కు పంపితే ఒత్తులు విడిపోయో, అక్షరాల బదులు డబ్బాలో రావొచ్చు. అది ప్రింటర్ తప్పూ కాదు, డిఫాల్ట్ తప్పూ కాదు. లిబ్రేఆఫీస్‌లో తెరిచి, స్క్రీన్ మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయని చూసుకుని, పీడీఎఫ్‌గా మార్చి పంపితే కనిపించింది కనిపించినట్టే కాగితం మీదికొస్తుంది. పీడీఎఫ్‌తో ఇంకో లాభం కూడా ఉంది.. ఏ లెక్చరర్ ప్రింటర్ పేరూ అందులో దాగి ఉండదు.